ఒక్క రోజులో మానేసినవాడు

నేను తాగుబోతునన్న సంగతి నాకు అందరికంటే ఆఖరున తెలిసింది.

ఆ పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపి, బస్సు లోపల ఓసారి చివరి సీటు దాకా తిరిగి వస్తున్నాను. ఇది నా అలవాటు. చిన్నపిల్లలు నిద్రపోయి సీట్లో ఒరిగిపోతే ముందునుంచి కనిపించరు. వెళ్ళి కళ్ళారా చూడకుండా తాళం వేసేవాడు డ్రైవరే కాదని నా ఉద్దేశం. మాకు పిల్లల్లేరు. అందుకనే కాబోలు, బస్సెక్కినవాళ్ళందరూ నావాళ్ళే అన్నట్టుంటాను. అల్లరి చేస్తే సొంత తండ్రిలాగే కసురుతాను కూడా. ఇంతలో ఆయా వచ్చి, ప్రిన్సిపాల్‌గారు రమ్మంటున్నారని చెప్పింది.

గదిలో ఇద్దరు తల్లులు, ఒక తాతగారు కూర్చుని ఉన్నారు. ముగ్గురూ రోజూ నాకు చెయ్యి ఊపి పిల్లల్ని ఎక్కించేవాళ్ళే. ఆరోజు ఒక్కరూ నా మొహం చూడలేదు. బల్లమీద ఒక సంచీ ఉంది. నీలం, ఎరుపు, పూల గుడ్డ ముక్కల్ని త్రికోణాలుగా కలిపి కుట్టిన సంచీ. పాత గొడుగుల గుడ్డతో అలాంటివి కుట్టేది మా పేటలో ఒక్కచోటే. దాన్ని చూడగానే నా మొహం చేటంతయింది.

"ఇది మా ఆవిడ కుట్టిందేనండీ," అన్నాను. ఎవరూ అడక్కుండానే అన్నాను.

"తెలుసు. ఫోటో ఉంది," అని ప్రిన్సిపాల్‌గారు సంచీకి దారంతో వేలాడుతున్న అట్టముక్కని నావైపు తిప్పారు.

ఫోటోలో మా ఆవిడే. పెళ్ళిళ్ళలో కూడా అంత బాగా పడలేదు. కింద అచ్చులో ఇలా ఉంది: "మా ఆయన రోజూ తాగొచ్చేవాడు. నేను గోడవారన నక్కి కూర్చునేదాన్ని. ఇంట్లో వంటగిన్నెలు కూడా అమ్మేశాడు. ఈ గొడుగు గుడ్డలు నా చేతికొచ్చాక మా ఇంట్లో వాన వెలిసింది."

రెండోసారి చదివాను. నాకు బజారులో ఒక గిన్నె కొనడమే చేతకాదు, దుకాణంవాడు చెప్పిందే ధర. అలాంటిది అమ్మానట.

"నేను తాగనండీ. ఎప్పుడూ తాగలేదు," అన్నాను.

"తాగేవాళ్ళందరూ చెప్పేది అదే," అన్నారు తాతగారు.

"పోలీసులు ఊదించే గొట్టం తెప్పించండి, ఇప్పుడే ఊదుతాను."

"గొట్టం ఇవాళ్టి సంగతి చెబుతుంది బాబూ. నిన్నటిది చెప్పదు కదా," తల్లుల్లో ఒకామె మెల్లగానే అంది. ఆమె కూతురు నా వెనక సీట్లోనే కూర్చుంటుంది. పన్ను ఊడితే ముందు నాకే చూపించింది. "మీమీద మాకు కోపం లేదండీ. పిల్లల విషయం కాబట్టి అంటున్నాం."

ప్రిన్సిపాల్‌గారు మంచావిడే. బస్సు తాళాలు అక్కడ పెట్టి వెళ్ళమనీ, వారంలోగా ఏదో ఒకటి తేలుస్తాననీ చెప్పారు. నేను తాళాలు పెట్టి, ఎందుకో తెలియదు, ఆ ముగ్గురికీ క్షమించమని కూడా చెప్పి బయటపడ్డాను. చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పడం ఎంత తేలిగ్గా వచ్చేసిందో తల్చుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంది.

దారి పొడుగునా తల దించుకునే నడిచాను. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కాకపోతే నేను పాలు తాగడానికి కూడా ఆ చెట్టు కిందికి వెళ్ళలేదు. చెట్టునే తెచ్చి మా గుమ్మంలో నాటారు. కొన్నాళ్ళుగా పక్కింటావిడ నన్ను చూడగానే కిటికీ ధడాలున మూసేస్తోంది. దోమల కోసమనుకున్నాను. టీ కొట్టతను ఓరోజు "ఇక్కడ టీయే అన్నా, ఇంకేం దొరకదు" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకుని నేనూ నవ్వాను. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం మా ఆవిడ పనినుంచి వచ్చేసరికి నేను వీధి తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

"ఏమండీ, ఇంత తొందరగా వచ్చారేం?" అంది.

"తాగడానికి డబ్బుల్లేక వచ్చాను. అమ్ముదామంటే గిన్నెలు కూడా లేవాయె," అన్నాను.

ఆమె చేతిలోని కూరల సంచీ జారిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నేలమీద కూర్చుని, దొర్లిపోయిన టమాటాలు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"మొదట్లో నిజమే చెప్పానండీ. మా ఆయన మంచివాడు, ఇంట్లో లోటు లేదు, ఊరికే కూర్చోలేక వచ్చాను, కుట్టడం ఇష్టం అని. అదే చీటీమీద అచ్చేశారు. ఆ సంచీలు ఎవరూ కొనలేదు. చేతిలోకి తీసుకుంటారు, కుట్టు చూస్తారు, బాగుందంటారు, చీటీ తిప్పి చదువుతారు, మళ్ళీ అక్కడే పెట్టేస్తారు. పక్కన మొగుడు వదిలేసినామె సంచీ ఉంటుంది. కుట్టు వంకర, జిప్పు పట్టదు. అదే తీసుకెళ్ళిపోతారు."

"అందుకని నన్ను తాగుబోతుని చేస్తావా?"

"కేంద్రంలో గొడుగులమ్మ అడిగింది, నీ చీటీలో కష్టం కనిపించట్లేదు, ఇంకాస్త మనసు విప్పి చెప్పమ్మా అని. నాకేం కష్టముందండీ? మీరు గురక పెడతారని రాయించనా? పక్క మిషనామె విధవనని చెప్పుకోమంది. నాకు మనసొప్పలేదు. మీరు నిండు నూరేళ్ళు ఉండాలి. అందుకని తాగుడుతో సరిపెట్టాను."

ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుకి మళ్ళీ మంట పుట్టుకొచ్చింది. నన్ను చంపకుండా వదిలిపెట్టినందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలన్నమాట. ఆ పూట ఇద్దరం తినలేదు. నా ఉద్యోగం ఊడే స్థితికొచ్చిందని చెప్పినప్పుడు మాత్రం ఆమె మొహం కొంగుతో మూసుకుంది. "రేపు పొద్దున్నే వెళ్ళి గొడుగులమ్మకి నిజం చెప్పేస్తాను. నా పని పోతే పోయింది," అంది.

గొడుగులమ్మ అన్నది మా పేటవాళ్ళు పెట్టిన పేరు. పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం వదిలేసి వచ్చి, బస్సుల్లో రైళ్ళల్లో జనం మరిచిపోయిన గొడుగుల్నీ, విరిగిపోయి చెత్తలో పడేసినవాటినీ పోగుచేయించడం మొదలుపెట్టినప్పుడు, ఈవిడకి పిచ్చనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇప్పుడు మూతపడ్డ పాత గోదాములో ఆవిడ పెట్టిన కుట్టుపని కేంద్రంలో మా చుట్టుపక్కల ఆడవాళ్ళు చాలామంది పని చేస్తున్నారు. ఉన్నమాట చెప్పుకోవాలి. మా ఆవిడ ఒకప్పుడు వీధి చివరి కొట్టుకి వెళ్ళాలన్నా నన్ను తోడు రమ్మనేది. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నా వెనక్కి వచ్చేది. అక్కడ చేరాక కొత్తవాళ్ళకి పని నేర్పుతోంది, జిప్పులు తెచ్చే వ్యాపారితో బేరమాడి అతనికి చెమటలు పట్టిస్తోంది. ఆ మార్పు నా కళ్ళముందే జరిగింది. అబద్ధం చీటీలో ఉంది గానీ ఆమె మారడంలో లేదు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. లోపల తాళ్ళమీద ఉతికిన గొడుగు గుడ్డలు బారులు తీరి ఆరుతున్నాయి. ఒక మూల ఆడవాళ్ళు గొడుగుల ఊచలు విరిచి వేరు చేస్తున్నారు. ఆ గుడ్డ జారుడు గుడ్డ, మిషను కింద నిలవదు. అందుకని కాగితం అడుగున పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తారు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మిషన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. అందరికీ నేనెవరో తెలుసు. వాళ్ళందరూ నన్ను చీటీలో చదివినవాళ్ళే.

గొడుగులమ్మ ఎదురొచ్చింది. నాకంటే చిన్నదే. కళ్ళజోడు తలమీదికి తోసుకుని, నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు ఇక్కడిదాకా రావడమే పెద్ద మార్పండీ. ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు."

"అమ్మా, నేను తాగను. ఎప్పుడూ తాగలేదు."

"ఫరవాలేదు. ఒప్పుకోవడానికి టైం పడుతుంది," అంది ఓదార్పుగా.

అప్పుడు మా ఆవిడ ముందుకొచ్చి అందరికీ వినపడకుండా, తక్కువ గొంతుతో మొత్తం చెప్పింది. వింటున్నకొద్దీ గొడుగులమ్మ మొహంలో రంగు మారిపోయింది. ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి, కుర్చీలో కూడా కూర్చోకుండా ఒక గొడుగుల కట్టమీద కూలబడింది.

"తప్పు ఆవిడది కాదండీ, నాది," అంది. "కష్టం కనిపించట్లేదని అడిగింది నేనే. ఎంత బాగా కుట్టావని అడగాల్సింది పోయి, ఎంత ఏడ్చావని అడిగాను. ఇప్పుడే మీ స్కూలుకి ఫోన్ చేసి అది అబద్ధమని చెప్పేస్తాను."

అక్కడికి నేను వచ్చిన పని అయిపోయినట్టే. లేచి రావచ్చు. కానీ మా ఆవిడే అడిగింది, "మరి ఆదివారం?"

ఆదివారం వార్షికోత్సవం. ఊళ్ళూళ్ళా దుకాణాలున్న ఒక పెద్ద కంపెనీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఈ సంచీలు అన్ని దుకాణాల్లోకీ వెళతాయి, ఇంకా ఎంతోమందికి పని దొరుకుతుంది. నచ్చకపోతే గోదాము అద్దెకే దిక్కులేదు. వాళ్ళని ఇక్కడికి రప్పిస్తున్నది సంచీ ఒక్కటే కాదు, చీటీలు కూడా. ఒక చీటీ అబద్ధమని బయటికొస్తే, మిగిలినవన్నీ నిజమని ఎవరు నమ్ముతారు? గొడుగులమ్మ ఇదంతా చెప్పి, "అయినా సరే, మీ ఉద్యోగం పోకూడదు. నేను ఫోన్ చేస్తాను," అని ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కకుండా ఆ చెయ్యి ఆగిపోవడం నేను చూశాను.

ఆఫీసు గదికి అద్దం కిటికీ ఉంది. బయట ఆడవాళ్ళు మళ్ళీ మిషన్ల ముందు కూర్చున్నారు గానీ ఎవరూ కుట్టడం లేదు. అప్పుడు నా నోటివెంట ఆ మాట వచ్చింది. నన్నెవరూ అడగలేదు.

"తాగేవాణ్ణి, మానేశాను అంటే సరిపోతుందా?"

ఇద్దరూ నావైపు చూశారు.

"తాగలేదంటే ఎవరూ నమ్మట్లేదు. మానేశానంటే నమ్ముతారేమో. ప్రిన్సిపాల్‌గారిని కూడా ఆదివారం పిలవండి. అందరిముందూ చెప్తాను."

గొడుగులమ్మ కాసేపు వద్దంది. మా ఆవిడ గట్టిగానే వద్దంది. నేను వినలేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నేను నాకు మహా నచ్చేశాను. ఇంతమంది కోసం పరువు వదులుకుంటున్న మహానుభావుణ్ణన్నమాట! ఇంటికి వెళ్ళేటప్పుడు తల ఎత్తుకుని నడిచాను. పక్కింటావిడ కిటికీ మూస్తుంటే, పాపం మూసుకోనీ అనుకున్నాను.

గొడుగులమ్మ ఫోన్ చేసి పిలిస్తే ప్రిన్సిపాల్‌గారు సరేనన్నారు. నలుగురి ముందు చెబితే తల్లిదండ్రులకి తాను నచ్చజెప్తాననీ, మారిన మనిషికి అవకాశం ఇవ్వడం కూడా పిల్లలకి పాఠమే అనీ అన్నారట.

ఇంట్లో రిహార్సలు జరిగింది. నేను గోడకేసి నిలబడి చెప్పడం, మా ఆవిడ మంచంమీద కూర్చుని తప్పులు పట్టడం.

"అలా ఊగుతారేం? మానేశానని చెప్తూ ఊగితే ఎవరు నమ్ముతారు?"

"భయానికి ఊగుతున్నాను."

"చెయ్యి గుండెమీద పెట్టకండి, నాటకంలా ఉంది. రెండు ముక్కలు చెప్పి దిగిపోండి. ఎక్కువ మాట్లాడకండి," అంది. ఆ ఒక్క మాట విని ఉంటే బాగుండేది.

ఆదివారం మధ్యాహ్నం గోదాములో మిషన్లన్నీ గోడవారకి జరిపి కుర్చీలు వేశారు. పైన తాళ్ళకి రంగురంగుల గుడ్డలు అలాగే ఉంచారు, అలంకారంగా. ముందు వరసలో కంపెనీవాళ్ళు, ప్రిన్సిపాల్‌గారు, నన్ను నిలదీసిన తల్లుల్లో ఒకామె కూర్చున్నారు. వెనక కుట్టేవాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. మా ఆవిడ స్టేజి పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. ఆమెకి ఆ అలవాటు లేదు.

నా వంతు వచ్చింది. మైకు ముందు నిలబడ్డాను. "నేను తాగేవాణ్ణి," అన్నాను. "మా ఆవిడ ఇక్కడ కష్టపడుతుంటే చూసి సిగ్గుపడి మానేశాను."

అక్కడితో దిగిపోవాలి. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. నా జన్మలో నాకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. జాగ్రత్తగా బస్సు నడిపినందుకు ఎవరు కొడతారు? తాగి మానేస్తే కొడతారు. ఆ చప్పుడు తలకెక్కింది. తాగినవాళ్ళు అంటారే, ఒళ్ళు తేలిపోతుందని, అదేమిటో అప్పుడు తెలిసింది.

"ఎంతకాలం పట్టిందని అడగండి!" అన్నాను మైకులో. ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను. "ఒక్క రోజు! పొద్దున్న అనుకున్నాను, సాయంత్రానికి మానేశాను. మళ్ళీ వాసన చూడలేదు. మనసు గట్టిదైతే చాలు. చేతకానివాళ్ళు చెప్పే సాకులు నమ్మకండి. మగాడన్నవాడు తల్చుకుంటే ఒక్క రోజు చాలు!"

జనం లేచి నిలబడ్డారు. ప్రిన్సిపాల్‌గారు కళ్ళు తుడుచుకున్నారు. కంపెనీ పెద్దాయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపాడు. దిగి వస్తుంటే ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "సోమవారం నుంచి మీరే రండి. మా అమ్మాయి అడుగుతోంది," అంది. గొడుగులమ్మ మాత్రం నా మొహం చూడలేక పక్కకి తిరిగిపోయింది. మా ఆవిడ నా దగ్గరగా వచ్చి, "ఆ ఒక్క రోజు గొడవ ఎందుకండీ?" అంది చిన్నగా. నేను చప్పట్ల మత్తులో ఉన్నాను, పట్టించుకోలేదు.

టీలు పంచుతుండగా వెనకనుంచి ఎవరో నా చొక్కా లాగారు. చూస్తే కత్తెర. గొడుగుల గుడ్డని ఊచలనుంచి కోసి వేరు చేసే పని ఆమెది, అందుకని అందరూ అలా పిలుస్తారు. ఆమె మాట కూడా కత్తెరే. ఎవరినీ వదలదు, ఎప్పుడూ ఏదో ఒకటని నవ్విస్తూ ఉంటుందని మా ఆవిడ చెబుతూ ఉంటుంది. నేను ఆమెతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆరోజు ఆమె నవ్వడం లేదు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం ఇలా రా. వదినకి చెప్పకు," అంది.

గోదాము వెనక గుడ్డలుతికే చోటికి తీసుకెళ్ళింది. అక్కడ నీళ్ళ తొట్టి గట్టుమీద ఒకతను కూర్చుని ఉన్నాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, పరీక్షకొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. చేతులు కనపడకుండా వెనక్కి పెట్టుకున్నాడు.

"మా ఆయన," అంది కత్తెర. "ఎవరికీ చెప్పలేదన్నయ్యా. ఇక్కడ అందరికీ ఈయన ఊళ్ళు తిరిగే పనిలో ఉన్నాడని చెప్పాను. చీటీలో కూడా అదే రాయించాను. ఎలా చెప్పుకోను? నవ్వులాటకి అందరినీ అంటాను, నన్నెవరైనా అంటే పడలేను." ఆమె ఒకసారి అతనివైపు చూసింది. "వదిన చీటీ చూసినప్పటినుంచీ అనుకుంటున్నాను, నిన్ను ఎలాగైనా ఈయనకి చూపించాలని. ఇవాళ రానంటే బతిమాలి తీసుకొచ్చాను. వెనక నిలబడి నువ్వు చెప్పిందంతా విన్నాడు."

నేను గోదాము గుమ్మం వైపు చూశాను.

అతను మర్యాదగా, మెల్లగా అడిగాడు. "ఒక్క రోజులో అన్నారు కదండీ. నేను చాలాసార్లు మానాను. రెండో రోజుకే చేతులు వణుకుతాయి. ఏం తిన్నా బయటికొచ్చేస్తుంది. గోడమీద ఏవో పాకుతున్నట్టుంటుంది. మీకవేవీ రాలేదా? వస్తే ఏం చేశారండీ?"

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి చెప్పేద్దామనే తెరిచాను. నీళ్ళు ఎక్కువ తాగాననో, పొద్దున్నే నడిచాననో.

"డాక్టరుకి చూపించారా?" అన్నాను చివరికి.

"చూపించాం. మందులు వాడినన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత మానేసినవాళ్ళని ఎవరినైనా పట్టుకుని, మనసు లాగినప్పుడల్లా వాళ్ళతో మాట్లాడమన్నాడు డాక్టరు. అలాంటివాళ్ళు మాకెవరూ తెలియదండీ. మీరొక్కరే." అతను ఒక చెయ్యి ముందుకి తెచ్చి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చెయ్యి వణుకుతోంది. "మీరు మగాడన్నవాడు ఒక్క రోజులో అంటే, నాలోనే ఏదో లోపముందనుకున్నాను. అది తెలుసుకుందామని వచ్చాను."

నా జీవితంలో నేను అంత సిగ్గుపడింది లేదు. ప్రిన్సిపాల్‌గారి గదిలో పడింది సిగ్గే కాదు. అక్కడ తప్పు నాది కాదు కాబట్టి లోపల్లోపల రోషంగా ఉంది. ఇక్కడ ఆ రోషం కూడా లేదు. మా ఆవిడ అబద్ధం మా ఇంటి పరువు ఒక్కటే పోగొట్టింది. నేను చప్పట్ల కోసం కలిపిన ముక్క ఈ మనిషి గుండెల్లో దిగింది. నన్ను ఎవరైనా అక్కడే నాలుగు తన్నినా బాగుండుననిపించింది.

"మీలో లోపం లేదండీ," అన్నాను. "నేను అబద్ధం చెప్పాను. నేనెప్పుడూ తాగలేదు."

అతనికి అర్థం కాలేదు. కత్తెరకి ముందు అర్థమైంది.

"అంటే... ఒక్కసారి కూడానా?"

"లేదమ్మా. ఆ చీటీ, సంచీలు అమ్ముడుపోవడం కోసం మా ఆవిడ రాయించింది. నా ఉద్యోగం పోయేలా ఉంటే, నేను ఇలా చెప్పుకున్నాను. ఒక్క రోజు అన్నది కూడా నేనే అక్కడికక్కడ కల్పించాను."

తిడుతుందనుకున్నాను. కత్తెర నోటికి భయపడనివాళ్ళు ఆ గోదాములో లేరు. ఆమె తిట్టలేదు. లోపల ఎవరో మైకు సరిచూస్తూ ఒకటీ రెండూ అంటున్నారు.

"అయితే మానేసినవాళ్ళు ఎవరూ లేరా అన్నయ్యా?" అంది.

ఉంటారమ్మా, ఎక్కడో ఉంటారు అన్నాను. ఎక్కడ అని ఆమె అడగలేదు. నేను తొందర తొందరగా ఏవేవో చెప్పాను. రోజూ సాయంత్రం వస్తాననీ, తోడు కూర్చుంటాననీ, ఎప్పుడు మనసు లాగినా కబురు చెయ్యమనీ. అతను శ్రద్ధగా విన్నాడు. ఎగతాళి లేకుండానే, "ఎందుకు లెండి," అన్నాడు. "తాగనివాళ్ళు చెప్పేది రోజూ వింటూనే ఉన్నాను."

భార్య భుజంమీద చెయ్యి వేసి, "పద. అన్నయ్యని ఇబ్బంది పెట్టకు," అన్నాడు. ఆమె కదల్లేదు. ఆమె చెంపలమీదినుంచి నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు. అతను ఆమె చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించి, మళ్ళీ ఆగి, నా దగ్గరికి వెనక్కి వచ్చాడు. ఎవరైనా వింటారేమోనని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మీరేం భయపడకండి. పిల్లల బస్సు ఉద్యోగం కదా, పోతే మళ్ళీ దొరకదు. మేం ఎవరితోనూ అనం. తాగినప్పుడు నోరు జారతానేమోనని అనుకోకండి, నేను తాగితే మాట్లాడను. మీ పరువు ఎక్కడికీ పోదు."

నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, వెళ్ళిపోయాడు. ప్రహరీ పక్కనుంచి ఇద్దరూ రోడ్డుమీదికి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాను.

మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, "ఇక్కడున్నారా! ఫోటోకి మీకోసమే ఆగారు, కంపెనీవాళ్ళు మిమ్మల్ని మధ్యలో నిలబడమంటున్నారు," అంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. తర్వాత చెప్తానన్నాను. లోపలికి వెళ్ళి, వాళ్ళు చూపించిన చోట నిలబడ్డాను.